పాత ఫ్లాట్ కొని, బాగుచేసి, అమ్మేస్తే ఎంత మిగులుతుంది?

రీల్‌లో ఇది ముప్పై సెకన్ల పని. మొదట పెచ్చులూడిన గోడ, తుప్పు పట్టిన కుళాయి, పగిలిన గచ్చు. తర్వాత సుత్తి దెబ్బలు, సిమెంటు సంచులు, వెనకాల హుషారైన మ్యూజిక్. చివర్లో తెల్లటి గోడలు, మాడ్యులర్ కిచెన్, బాల్కనీలో రెండు మొక్కలు. కింద పచ్చ అక్షరాల్లో 'లాభం 15 లక్షలు'.

దీన్నే హౌస్ ఫ్లిప్పింగ్ అంటున్నారు. అమెరికాలో ఇది ఎప్పటినుంచో ఉన్న వ్యాపారం. 2013లో మొదలైన 'ఫ్లిప్ ఆర్ ఫ్లాప్' లాంటి టీవీ షోలు దాన్ని ఇంటింటికీ చేర్చాయి. ఇప్పుడు అదే ఆలోచన మన హైదరాబాద్ పాత అపార్ట్‌మెంట్ల మీదకి వచ్చింది. సాఫ్ట్‌వేర్ జీతాలతో నాలుగు డబ్బులు వెనకేసుకున్న మా వయసు వాళ్లకి ఇది బాగా ఎక్కుతోంది. షేర్లలాగా స్క్రీన్ మీద కనిపించే అంకె కాదు, చేత్తో తాకి చూడగలిగే గోడ కదా.

జూన్‌లో నేనూ, నా రూమ్మేటూ ఈ పని మీద పడ్డాం. ఇంజినీరింగ్‌లో ఒకే బెంచీ, ఇప్పుడు ఒకే ఫ్లాట్. నా దగ్గర 16 లక్షలు, వాడి దగ్గర 16 లక్షలు. నా 16లో ఆరు లక్షలు చెల్లి పెళ్లికని పక్కన పెట్టినవి. వచ్చే వేసవిలో ముహూర్తం. అంటే కొని, బాగుచేసి, అమ్మి, డబ్బు మళ్లీ చేతికి రావడానికి మాకున్న టైమ్ పది నెలలు.

మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు

చాలా చూశాక నల్లకుంటలో ఒకటి నచ్చింది. 1997లో కట్టిన అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు, 1,050 చదరపు అడుగులు, రెండు బెడ్‌రూములు. గాలీ వెలుతురూ బాగున్నాయి. గదులు పెద్దవి. అడిగిన ధర 52 లక్షలు.

యజమాని రిటైరైన హెడ్‌మాస్టర్. ఆయనా, ఆవిడా ఇద్దరే ఉంటున్నారు. ఆవిడకి మోకాళ్లు అరిగిపోయాయి. లిఫ్ట్ లేని ఇల్లు. ఎనిమిది నెలలుగా ఆసుపత్రికి తప్ప కిందికి దిగలేదట. హనుమకొండలో కూతురింటి దగ్గర గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు ఒకటి చూసుకుని అడ్వాన్స్ కూడా ఇచ్చేశారు. ఇది అమ్మి, దసరాలోపు అక్కడ మిగతా డబ్బు కట్టాలి. ఈ సంగతంతా ఆయనే చెప్పారు, టీ ఇస్తూ, దాచుకోవాల్సిన విషయం అనుకోకుండా.

మెట్లు దిగుతుంటే బ్రోకర్ గొంతు తగ్గించి అన్నాడు: "సార్, పార్టీకి అర్జెంటుంది. ఇప్పుడే రేటు మాట్లాడకండి. సెప్టెంబర్ దాకా ఆగితే వాళ్లే దిగొస్తరు."

ఆ మాట ఆ పూట నేను పెద్దగా పట్టించుకోలేదు. ముందు ఇంటి సంగతి తేల్చుకోవాలి అనుకున్నాం.

గోడ లోపల ఏముంది?

మేస్త్రి ఇల్లంతా ఒక రౌండ్ వేసి "ఎనిమిదిలో అయిపోతది సార్" అన్నాడు. మర్నాడు సివిల్ చదివిన స్నేహితుణ్ని తీసుకెళ్లాం. వాడు రంగులూ టైల్సూ చూడలేదు. బాత్రూమ్ వెనక గోడ తట్టి చూశాడు, బోలు శబ్దం వచ్చింది. కిచెన్ సింకు కింద దూరి పైపు గోకాడు. స్విచ్‌బోర్డు విప్పించాడు. పైన టెర్రస్ ఎక్కి నీళ్లు ఎటు పోతున్నాయో చూశాడు. తర్వాత కూర్చుని ఇలా రాశాడు (లక్షల్లో):

రెండు బాత్రూములు, పైపులతో సహా – 2.6
వైరింగ్ – 1.5
ఫ్లోరింగ్ – 1.6
వంటగది – 1.8
పుట్టీ, రంగులు – 1.3
కిటికీలు, తలుపులు – 1.2
చెమ్మ, పెచ్చుల రిపేరు – 0.5
కూల్చిన చెత్త దింపడం, సామాను పైకి మోయడం – 0.3

మొత్తం 10.8 లక్షలు. పాత ఇంట్లో గోడ పగలగొట్టాకే అసలు కథ బయటపడుతుంది కాబట్టి ఇంకో 15 శాతం కలుపుకోమన్నాడు. అంటే 12.4 లక్షలు.

ఇందులో ఒక విషయం గమనించండి. పాత ఇనుప పైపులు తీసి సీపీవీసీ వేయడం, ఏసీకీ గీజర్‌కీ విడిగా లైన్లు లాగడం, చెమ్మ ఆపడం. ఇవన్నీ కలిపితే సుమారు మూడున్నర లక్షలు. ఫొటోలో ఇవేవీ కనిపించవు. కొనేవాళ్లు వీటికోసం ఒక్క రూపాయి ఎక్కువివ్వరు. నీళ్లు రావడం, లైట్ వెలగడం మామూలే కదా అనుకుంటారు. కానీ ఇవి చేయకుండా పైన టైల్స్ అతికిస్తే తర్వాతి వానాకాలానికి గోడ మళ్లీ ఉబ్బుతుంది. అప్పటికి మనం అమ్మేసి వెళ్లిపోయి ఉంటాం, అంతే తేడా. అలా రంగేసి అంటగట్టే వాళ్లూ ఉన్నారు. మేం ఆ దారి వద్దనుకున్నాం.

రీల్‌లో చూపించని ఖర్చులు

రీల్ లెక్కలో మూడే అంకెలుంటాయి: కొన్న ధర, రిపేరు, అమ్మిన ధర. మిగతావి మేం షీట్‌లో వేశాం.

మొదటిది రిజిస్ట్రేషన్. హైదరాబాద్‌లో స్టాంపు డ్యూటీ 5.5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5. కలిపి 7.5 శాతం. 2021 జూలై దాకా ఇది 6 శాతమే. 52 లక్షల మీద 3.9 లక్షలు. ఇది ఇంటి విలువలో కలవదు, గోడకి అంటదు. కట్టిన రోజే పోయినట్టు.

రెండోది లోన్. ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం 30 లక్షలు దాటి 75 లక్షల దాకా ఇచ్చే హోమ్ లోన్ ఇంటి విలువలో 80 శాతానికి మించకూడదు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చుల్ని ఆ విలువలో కలపరు. అవి మన జేబులోంచే. ఇంకో చిక్కు, స్నేహితులిద్దరికీ కలిపి హోమ్ లోన్ ఇవ్వడానికి బ్యాంకులు మామూలుగా ఒప్పుకోవు. లోన్ ఒకడి పేరు మీద, డబ్బు ఇద్దరిదీ. రేపు నష్టం వస్తే ఎవరు ఎంత భరించాలో కాగితం మీద రాసుకోకపోతే ఫ్లాట్‌తో పాటు స్నేహమూ అమ్ముడుపోతుంది.

మూడోది టైమ్. 40 లక్షల లోన్‌కి 8.5 శాతం చొప్పున నెలకి వడ్డీ దాదాపు 28,300. నాలుగు నెలలు పని, ఆరు నెలలు అమ్మకం అనుకుంటే 2.83 లక్షలు. మెయింటెనెన్స్, ఆస్తిపన్ను, కరెంటు బిల్లు ఇంకో 35 వేలు.

ఇప్పుడు అన్నీ కూడితే (లక్షల్లో):

ఫ్లాట్ – 52.00
రిజిస్ట్రేషన్ – 3.90
బ్రోకర్ 1 శాతం, లాయర్, బ్యాంకు ఫీజులు – 0.92
రిపేర్లు – 12.40
వడ్డీ – 2.83
మెయింటెనెన్స్ వగైరా – 0.35
మొత్తం – 72.40

మరి అమ్మితే ఎంత? ఆ ఏరియాలో బాగుచేసిన ఫ్లాట్‌కి బ్రోకర్ చెప్పిన గొప్ప రేటు అడుగుకి 6,800. అంటే 71.4 లక్షలు. అమ్మేటప్పుడు మళ్లీ ఒక శాతం బ్రోకర్‌కి పోతే చేతికొచ్చేది 70.69. నష్టం 1.7 లక్షలు! అదీ అంతా అనుకున్నట్టు జరిగితే. ఒక్కో నెల ఆలస్యానికి ఇంకో 32 వేలు. ఆ 16 లక్షలు కదలకుండా ఎఫ్‌డీలో పడుంటే పది నెలల్లో ఒక్కొక్కరికి ఎనభై వేల దాకా వచ్చేది, అది వేరే సంగతి.

రూమ్మేట్ షీట్‌ని రెండుసార్లు సరిచూశాడు. ఫార్ములా తప్పేమో అనుకున్నాడు. ఫార్ములా కరెక్టే.

తలుపు బయట మన చేతిలో లేదు

6,800 రేటు కూడా లిఫ్ట్ ఉన్న బిల్డింగుల్ని చూసి చెప్పిందే. మనం ఎంత ఖర్చు పెట్టినా అది మన తలుపు లోపలే. ధర తేల్చేవి చాలావరకు తలుపు బయట ఉంటాయి. లిఫ్ట్, కార్ పార్కింగ్, నీళ్లు, రోడ్డు వెడల్పు, బిల్డింగ్ పర్మిషన్లు. ఇక్కడ కార్ పార్కింగ్ లేదు, బండి పెట్టుకోడానికి మాత్రం చోటుంది. టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్ చేయాలంటే అసోసియేషన్ ఒప్పుకోవాలి, మిగతావాళ్లు డబ్బు కలపాలి. మూడో అంతస్తు వాళ్లింట్లో చెమ్మకి మొదటి అంతస్తు వాళ్లు ఎందుకు కలుపుతారు?

అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ పెద్దావిడ ఏ మెట్ల వల్ల ఇల్లు వదిలి వెళ్తున్నారో ఆ మెట్లని మేం బాగుచేయలేం. ఇటాలియన్ మార్బుల్ వేసినా అవి అలాగే ఉంటాయి. పెద్దవాళ్లున్న ఏ కుటుంబమూ ఈ ఫ్లాట్ చూడటానికే రాదు.

అల్గారిథమ్ కూడా చేతులెత్తేసింది

డేటా ఉంటే గెలవొచ్చు అనుకునే మాలాంటి వాళ్లు ఒక కథ తెలుసుకోవాలి. అమెరికాలో ఇళ్ల ధరలు అంచనా వేసే వెబ్‌సైట్ జిల్లో 2018లో తనే ఇళ్లు కొనడం మొదలుపెట్టింది. అల్గారిథమ్ ధర చెబుతుంది, కంపెనీ కొంటుంది, చిన్నచిన్న రిపేర్లు చేసి అమ్ముతుంది. వాళ్ల దగ్గరున్నంత డేటా ఇంకెవరి దగ్గర ఉంటుంది? అయినా 2021 నవంబర్‌లో ఆ వ్యాపారం మూసేస్తున్నట్టు ప్రకటించారు. ఒక్క త్రైమాసికంలోనే తమ చేతిలో ఉన్న ఇళ్ల విలువని 30 కోట్ల డాలర్లకు పైగా తగ్గించి చూపించాల్సి వచ్చింది. ఉద్యోగుల్లో దాదాపు నాలుగో వంతు మందిని తీసేశారు. కొన్ని నెలల తర్వాత ఇల్లు ఎంతకి పోతుందో సరిగ్గా చెప్పడం తమ వల్ల కాలేదని కంపెనీయే ఒప్పుకుంది.

అక్కడి ఫ్లిప్పర్లు వాడే ఒక బండ లెక్క ఉంది, 70 శాతం రూల్. బాగుచేశాక పలికే ధరలో 70 శాతం తీసుకుని, అందులోంచి రిపేరు ఖర్చు తీసేయాలి. మిగిలిన దానికంటే ఎక్కువ పెట్టి కొనకూడదు. నల్లకుంట ఫ్లాట్‌కి వేసి చూశాం. 71.4లో 70 శాతం 50, అందులో 12.4 పోతే 37.6 లక్షలు. 52 ఎక్కడ, 37.6 ఎక్కడ!

లాభం ఎవరి జేబులోంచి?

ఇక్కడిదాకా వచ్చాక ప్రశ్న తిరగేసి వేశాం. ఇద్దరికీ కలిపి ఆరు లక్షలు మిగలాలంటే ఎంతకి కొనాలి? జవాబు దాదాపు 45 లక్షలు. అప్పుడు కూడా 24 నెలలలోపు అమ్మితే అది స్వల్పకాలిక లాభం, మన స్లాబు ప్రకారం పన్ను. 30 శాతం స్లాబులో ఉన్నవాళ్లకి సెస్సుతో కలిపి 31.2 శాతం. ఆరులో మిగిలేది నాలుగు లక్షల పైచిలుకు, ఒక్కొక్కరికి రెండు. రెండేళ్లు ఆగితే దీర్ఘకాలిక లాభం కింద 12.5 శాతమే కానీ, ఆ రెండేళ్ల వడ్డీ దాన్ని మింగేస్తుంది.

సరే, 52 లక్షల ఇంటిని 45కి ఎవరిస్తారు? తీరిగ్గా ఉన్నవాళ్లు ఇవ్వరు. ఆసుపత్రి బిల్లు మీద పడ్డవాళ్లు, అప్పు గడువు ముంచుకొచ్చినవాళ్లు, అన్నదమ్ములు గొడవపడి ఎంతకో అంతకి పంచుకుందామనుకున్నవాళ్లు ఇస్తారు. లేదా దసరాలోపు హనుమకొండలో డబ్బు కట్టకపోతే అడ్వాన్స్ పోతుందని భయపడే హెడ్‌మాస్టర్ ఇస్తారు. బ్రోకర్ మెట్ల మీద చెప్పింది ఇదే. మేం వెతుకుతున్న ఏడు లక్షలు టైల్స్‌లో లేవు. ఆయన తొందరలో ఉన్నాయి.

ఆ రాత్రి ఇద్దరం చాలాసేపు వాదించుకున్నాం.

"మామా, అది వాళ్ల ప్రాబ్లం రా. మనమేం మోసం చేయట్లేదు. ఇష్టమైతే ఇస్తారు, లేకపోతే లేదు. మార్కెట్ అంటే అదే" అన్నాడు వాడు.

వాడి మాటలో న్యాయం లేకపోలేదు. అర్జెంటుగా డబ్బు కావాల్సినవాళ్లకి వారంలో పూర్తి డబ్బు ఇచ్చేవాడు ఉంటే, కొంచెం తక్కువకి తీసుకున్నా అది వాళ్లకి మేలే. కానీ మేం ఇవ్వగలిగింది వారంలో డబ్బు కాదు. 1997 నాటి బిల్డింగ్‌కి బ్యాంకు లీగల్, టెక్నికల్ రిపోర్టులు, లోన్ శాంక్షన్, ఇదంతా వారాల పని. అంటే ఆయన తొందరని మేం తీర్చం, పెరిగేదాకా కాచుకుని కూర్చుంటాం. ఇది చెప్పాక వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "సరే, ఫోన్ చేసి చెప్పేయ్" అన్నాడు.

మర్నాడు ఫోన్ చేసి, "సార్, మాకు కుదరడం లేదు" అన్నాను.

"మీ రేటెంతో చెప్పండి బాబూ, చూద్దాం" అన్నారు ఆయన.

45 అన్న అంకె నా ముందు స్క్రీన్ మీదే ఉంది. చెప్పలేదు. "మేం ఉండటానికి కాదు సార్, అమ్మడానికి చూశాం. ఉండేవాళ్లకి మీరు అడుగుతున్న ధర ఎక్కువేం కాదు. తొందరపడి దించకండి" అని, చుట్టుపక్కల అమ్మకాల గురించి మేం తెలుసుకున్న రేట్లు ఆయనకి మెసేజ్ పెట్టాను.

అది మొహమాటానికి అన్న మాట కాదు. లెక్క అలాగే ఉంది. అదే ఫ్లాట్‌లో పదిహేనేళ్లు ఉండే కుటుంబానికి రిజిస్ట్రేషన్ ఖర్చు ఏడాదికి 26 వేలు పడుతుంది. పది నెలల్లో అమ్మే మాకు నెలకి 39 వేలు. వాళ్లకి వడ్డీ అద్దె బదులు పోతుంది, మాకు ఊరికే పోతుంది. వాళ్లు రిపేర్లు విడతలుగా చేసుకుంటారు, మేం ఒక్కసారే చేయాలి. ఇల్లు మంచిదే. మా ప్లాన్‌కి సరిపోయే ఇల్లు కాదు.

ఆగస్టులో ఆ ఫ్లాట్ 51 లక్షలకి పోయిందని బ్రోకర్ చెప్పాడు. కొన్నది అదే బిల్డింగ్ మొదటి అంతస్తులో అద్దెకుంటున్న కుటుంబం. ఆ మెట్లు వాళ్లకి కొత్త కాదు.

మీరూ ఆలోచిస్తుంటే

ఇది చేయకూడని పని అని నేననను. మేస్త్రీలు, ప్లంబర్లు సొంత మనుషుల్లా ఉన్నవాళ్లు, లోన్ లేకుండా కొనగలిగేవాళ్లు, ఒక ఏరియాని గల్లీ గల్లీ తెలిసినవాళ్లు సంపాదిస్తున్నారు. మనలాంటి ఉద్యోగస్తులు దిగే ముందు మాత్రం ఇవి చూసుకోండి.

కాగితాలు ముందు, ఇల్లు తర్వాత. ఈసీ, లింక్ డాక్యుమెంట్లు, శాంక్షన్ ప్లాన్, ఆస్తిపన్ను రశీదులు, అసోసియేషన్ బాకీలు లాయర్‌కి చూపించండి. 2024లో హైడ్రా వచ్చాక చెరువుల ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ల గురించి అడగని కొనుగోలుదారు లేడు. మనకి లోన్ వస్తే సరిపోదు, రేపు మన దగ్గర కొనేవాళ్లకీ రావాలి.

కొంత నగదు రూపంలో అంటే ఒప్పుకోకండి. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకుంటే అంతే మొత్తం జరిమానా పడొచ్చు. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాళ్లు ఒక శాతం టీడీఎస్ కట్టాలి.

ప్రతి రిపేరుకీ బిల్లు తీసుకోండి. రుజువు ఉంటేనే ఇంటి మెరుగుదల ఖర్చుని లాభంలోంచి తీసేయనిస్తారు. పాత పన్ను విధానంలో 80సీ కింద లోన్ అసలుకి మినహాయింపు తీసుకుని ఐదేళ్లలోపు ఇల్లు అమ్మితే, ఆ మినహాయింపు మళ్లీ ఆదాయంలో కలుస్తుంది. ఫ్లోటింగ్ రేటు హోమ్ లోన్ ముందే తీర్చేస్తే మాత్రం పెనాల్టీ ఉండదు, అదొక్కటే ఊరట.

వేరే పనికి పెట్టుకున్న డబ్బు ఇందులోకి తేకండి. ఇల్లు మన ముహూర్తానికి అమ్ముడుపోదు.

ఇల్లు చూడటానికి వెళ్లకముందే మీ గరిష్ఠ ధర రాసి పెట్టుకోండి. బాల్కనీలోంచి గాలి తగిలాక ఆ అంకె దానంతటదే పెరుగుతుంది. అడిగే ధర దాన్ని మించితే టీ తాగి వచ్చేయండి. దానికన్నా బాగా తక్కువకి ఇస్తామంటే, ఎందుకిస్తున్నారో అడిగి తెలుసుకోండి.

మా షీట్ ఇప్పటికీ ఉంది. అప్పటినుంచి ఇంకో తొమ్మిది ఫ్లాట్లు అందులో వేశాం, ఒక్కటీ పచ్చరంగులోకి రాలేదు. పదో దానికి రూమ్మేట్ కొత్తగా ఒక కాలమ్ చేర్చాడు. దాని పేరు 'ఎందుకు అమ్ముతున్నారు'. చెల్లి పెళ్లి డబ్బు మాత్రం ఎఫ్‌డీలోనే ఉంది.